2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్)లో అసలు ఛాంపియన్ హైదరాబాదా, జంషెడ్‌పూరా?

గౌతమి_గట్టు:

అందరికీ నమస్తే అండి. మాది ముమ్మిడివరం పక్కన. వేసవి సెలవుల్లో మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ టోర్నీ పెడదామని కుర్రాళ్లం అనుకున్నాం, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి ఆరు టీములు వస్తామన్నాయి. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ మా దగ్గర ఎప్పుడూ ఉండేవే, ఫుట్‌బాల్ మాత్రం ఈమధ్యే పిల్లలకి బాగా ఎక్కింది. నాకౌట్ పెడితే ఎండలో ఆటో కట్టించుకుని వచ్చినోళ్లు ఒక్క మ్యాచ్ ఓడిపోయి ఇంటికెళ్లిపోతారు పాపం, అందుకని లీగ్ అనుకున్నాం, అందరూ అందరితో ఆడతారు. అంతవరకూ బానే ఉంది. గొడవ ఎక్కడొచ్చిందంటే, ఎక్కువ పాయింట్లొచ్చిన టీముకి కప్పు ఇచ్చేయాలా, లేకపోతే మొదటి నాలుగు టీములకీ సెమీస్, ఫైనల్ పెట్టి అప్పుడివ్వాలా అని.

మా బావేమో ఫైనల్ లేకపోతే జనం ఎవరొస్తారు అంటాడు, "2022లో మన హైదరాబాద్ టేబుల్లో రెండో ప్లేసే కదా, ఫైనల్ గెలిచి ఛాంపియన్ అవ్వలేదా" అంటాడు. మా బాబాయ్ కొడుకు జంషెడ్‌పూర్‌లో చదువుకొచ్చాడు, వాడు అస్సలు ఒప్పుకోడు, "ఆ ఏడాది ఛాంపియన్ జంషెడ్‌పూరే, షీల్డ్ వాళ్లది, మీది మూడు మ్యాచ్‌ల కప్పు" అంటాడు. ఇద్దరూ టోర్నీ సంగతి వదిలేసి దీనిమీద పడ్డారు. నాకు ప్రీమియర్ లీగ్ తెలుసుగానీ ఐఎస్ఎల్ అంతగా ఫాలో అవ్వలేదు. అసలు ఆ సీజన్ ఎలా జరిగింది, రెండు ట్రోఫీలు ఎందుకు, దేని విలువ ఎంత, తెలిసినోళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రాజోలు_రైట్‌వింగ్:

తమ్ముడూ, నేను హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైన దగ్గర్నుంచీ ఫాలో అయినోణ్ణి, కాబట్టి నా మాట ఎటు మొగ్గుద్దో ముందే తెలుసు నీకు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తా.

ఆ సీజన్లో 11 టీములు, ఒక్కోటీ 20 మ్యాచ్‌లు. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు, ఫటోర్డా, బాంబోలిమ్, వాస్కోలో తిలక్ మైదాన్, ఈ మూడే గ్రౌండ్లు. ప్లేయర్లంతా బబుల్లో, అంటే బయటోళ్లెవర్నీ కలవకుండా హోటల్లోనే, స్టాండ్స్ ఖాళీ. 2021 నవంబర్ 19న మొదలైంది. జనవరిలో ఒమిక్రాన్ వేవ్ వచ్చినప్పుడు బబుల్లోకి కూడా కరోనా దూరింది, వరసపెట్టి మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి, కొన్ని టీములకి ప్రాక్టీస్ కూడా లేదు, రూముల్లోంచి బయటికొచ్చి నేరుగా గ్రౌండ్‌లోకి దిగాల్సిన పరిస్థితి. ఆ సీజన్ గురించి మాట్లాడేవాళ్లు ఇది మర్చిపోకూడదు.

లీగ్ అయ్యేసరికి జంషెడ్‌పూర్‌కి 43 పాయింట్లు, హైదరాబాద్‌కి 38. ఐదు పాయింట్ల తేడా అంటే చిన్నదేం కాదు. టేబుల్ టాప్‌లో ఉన్నోళ్లకి ఇచ్చేది లీగ్ విన్నర్స్ షీల్డ్. ఇది 2019-20లో మొదలైంది, ఫస్ట్ గోవా గెల్చుకుంది. షీల్డ్ ఎందుకు పెట్టారంటే, ఆసియా ఛాంపియన్స్ లీగ్‌కి ఇండియా నుంచి వెళ్లే క్లబ్ ఎవరో తేల్చాలి కదా, దానికి మూడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ కన్నా సీజన్ మొత్తం ఆడిన లీగే న్యాయం అని. తర్వాత మొదటి నాలుగు టీములకీ సెమీస్, రెండేసి లెగ్స్ (అంటే అవే టీములు రెండుసార్లు ఆడితే గోల్స్ కలిపి లెక్కేస్తారు), ఆ మీదట ఒకటే ఫైనల్. అది గెలిచినోళ్లకి ఐఎస్ఎల్ కప్పు, ఛాంపియన్ అనే పేరు వీళ్లకే. ప్రైజ్ మనీ కూడా ఆ ఏడాది షీల్డ్‌కి మూడున్నర కోట్లు, కప్పుకి 6 కోట్లు. అంటే లీగ్ వాళ్లు స్వయంగా కప్పుకే పెద్ద పీట వేశారు.

కాబట్టి రికార్డు ప్రకారం ఛాంపియన్ హైదరాబాద్. కానీ ఆ సీజన్లో బెస్ట్ టీమ్ ఎవరంటే జంషెడ్‌పూర్ అనే చెప్తాను, హైదరాబాద్ ఫ్యాన్‌ని అయ్యుండి కూడా. మార్చి 1న వాళ్లు మనల్ని 3-0తో కొట్టిన మ్యాచ్ చూసినోడెవడైనా ఆ మాటే అంటాడు. సార్వా దిగుబడి సార్వాదే, దాళ్వా దిగుబడి దాళ్వాదే, రెండూ కలిపి కొలిచి ఎవరు గొప్ప అంటే గొడవ తెగదు.

ఇక మనోళ్ల గురించి. 2019 ఆగస్టులో పుట్టిన క్లబ్ అది, మొదటి సీజన్ ఆఖరి ప్లేసు, 10 పాయింట్లు. అప్పుడు మానొలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. డబ్బులు కుమ్మరించి స్టార్లని కొనలేదు ఆయన, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లని ఫుల్‌బ్యాకులుగా పెట్టి పైకీ కిందకీ పరిగెత్తించాడు. పక్కన చింగ్లెన్‌సనా, యువానన్. మధ్యలో జొవావ్ విక్టర్ కెప్టెన్. ముందు ఒగ్బెచే, 2002 వరల్డ్ కప్‌లో నైజీరియాకి ఆడినోడు, అప్పటికి 37 ఏళ్లు, ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్, అదే ఎక్కువ గోల్స్ కొట్టినోడికిచ్చే అవార్డు, పట్టుకెళ్లాడు. 37 ఏళ్లొచ్చినోడు పరుగు తక్కువే పెడతాడు, కానీ బాక్స్‌లో బంతి ఎక్కడ పడుద్దో డిఫెండర్ కంటే ముందు వీడికి తెలుసు, ఒక్క అడుగు ముందుకో వెనక్కో వేసి రెడీగా ఉంటాడు, అంతే, గోల్. ఈస్ట్ బెంగాల్ మీద 4-0 మ్యాచ్‌లో హ్యాట్రిక్ చూడు దొరికితే, నేను చెప్పేది అర్థమవుద్ది.

సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద మొదటి లెగ్ 3-1 గెలిచి రెండోది 0-1 ఓడాం, మొత్తం 3-2తో ఫైనల్‌కి. ఆ రెండో లెగ్ చివరి పది నిమిషాలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు నేను.

ఉక్కునగరం_రిటర్న్:

భీమవరం నుంచి. నేను ఉద్యోగం మీద జంషెడ్‌పూర్‌లో ఉండొచ్చాను అండి, గౌతమి గారి బాబాయ్ కొడుకు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది, ఒకసారి వినండి.

రాజోలు గారు పాయింట్లు చెప్పారు, ఎలా వచ్చాయో కూడా చెప్పాలి కదా. ఆఖరి ఏడు లీగ్ మ్యాచ్‌లూ వరసగా గెలిచింది జంషెడ్‌పూర్. మొత్తం 20లో 13 గెలుపులు, ఓడినవి మూడే. ఓవెన్ కోయిల్ కోచ్, గ్రెగ్ స్టీవర్ట్ అనే స్కాట్లాండ్ ఆయన 10 గోల్స్ కొట్టి ఇంకో 10 కొట్టించాడు, సీజన్ బెస్ట్ ప్లేయర్ అవార్డు కూడా ఆయనకే. ఈస్ట్ బెంగాల్‌లో గోల్స్ రాక అందరూ తిట్టిపోసిన చీమా చుక్వుని జనవరిలో తెచ్చుకున్నారు, ఇక్కడికొచ్చాక వాడు వరసగా కొట్టాడు. ఆఖరి మ్యాచ్ మార్చి 7న మోహన్ బగాన్‌తో. షీల్డ్ కోసం ఆ రెండు టీములే రేసులో ఉన్నాయి, మ్యాచ్ కూడా వాళ్లిద్దరికే పడింది. రిత్విక్ దాస్ ఒక్క గోల్, 1-0. ఒత్తిడి లేని లీగ్ అంటారు కొందరు, ఆ రోజు మ్యాచ్ చూస్తే అలా అనరు.

తర్వాత సెమీస్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద 0-1, 1-1. అయిపోయింది. నాలుగు నెలలు ఆడి సంపాదించింది రెండు మ్యాచ్‌ల్లో ఎగిరిపోయినట్టు మాట్లాడతారు జనం, షీల్డ్ గెలిచారన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. టాటా స్టీల్ క్లబ్ అది, ఊరంతా ఫుట్‌బాల్ ఊరు, వాళ్లకది మొట్టమొదటి ట్రోఫీ. ఆ ఊరోళ్ల ముందు మీరు ఛాంపియన్ కాదు అని అనడానికి నాకైతే నోరు రాదు.

ఇంకోటి, ఆ షీల్డ్‌తో నేరుగా ఆసియా ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లాల్సింది జంషెడ్‌పూర్. ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) వాళ్లు మధ్యలో క్యాలెండర్ మార్చారు, దాంతో రెండు సీజన్ల షీల్డ్ విన్నర్లకీ కలిపి ఒకటే బెర్తు మిగిలింది, 2023 ఏప్రిల్‌లో కేరళలోని మంజేరిలో ముంబై సిటీతో ప్లేఆఫ్ ఆడించారు. 1-3 ఓడిపోయారు. వాళ్ల తప్పేం లేకుండా చేతిదాకా వచ్చింది పోయింది.

యానాం_లెఫ్ట్‌బ్యాక్:

ఆ ప్లేఆఫ్ దెబ్బ హైదరాబాద్‌కి కూడా తగిలింది కదండి. కప్పు విన్నర్‌కి ఏఎఫ్‌సీ కప్ (ఆసియా ఛాంపియన్స్ లీగ్ కింది టోర్నీ) క్వాలిఫయింగ్ బెర్తు ఉండాలి, అదే క్యాలెండర్ గొడవ, 2023 మేలో కోళికోడ్‌లో మోహన్ బగాన్‌తో ఆడించారు, 3-1 ఓడిపోయాం. ఆ టీమ్ ఆసియాలో ఒక్క మ్యాచ్ ఆడకుండానే విడిపోయింది, నాకు ఇప్పటికీ బాధే.

గౌతమి గారూ, మీ ఊరోళ్లకి ఒక సంగతి చెప్పండి. హైదరాబాద్ ఎఫ్‌సీ హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం. ఆ బాలయోగి ఎవరో కాదు, మీ పక్కనే ఎదుర్లంక ఆయన, అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. మేం యానాం నుంచి మీ వైపు రావాలంటే గౌతమి మీద ఎక్కే బ్రిడ్జికీ ఆయన పేరే. కోనసీమ మనిషి పేరున్న గ్రౌండ్ సొంతగడ్డగా ఉన్న టీమ్ దేశం మొత్తానికి ఛాంపియన్ అయింది, ఆ సీజన్లో మాత్రం ఆ గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా పడలేదు, అంతా గోవాలోనే కదా. మళ్లీ గచ్చిబౌలిలో ఆడింది 2022 అక్టోబర్‌లో.

గౌతమి_గట్టు:

థాంక్స్ అండి అందరికీ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. బాలయోగి గారి సంగతి మా బావకి చెప్తే ఇంక ఆగట్లేదు, టోర్నీకి ఆయన పేరు పెడదామంటున్నాడు, ఊళ్లో పెద్దల్ని అడగాలి.

ఫైనల్ గురించి ఎవరూ రాయలేదేంటి? పెనాల్టీల్లో గెలిచారని తెలుసు. గోల్‌కీపర్ ఒకే షాట్ రెండుసార్లు ఆపాడని బావ అంటున్నాడు, అదెలా కుదురుద్ది? మా టోర్నీలో కూడా పెనాల్టీలొస్తే రూల్ ఏంటో తెలియాలి, పోయినసారి పక్క ఊళ్లో దీనిమీదే కొట్టుకున్నంత పని చేశారు.

రాజోలు_రైట్‌వింగ్:

దానికోసమే ఆగాను తమ్ముడూ, ఎవరైనా అడుగుతారని.

2022 మార్చి 20, ఆదివారం, ఫటోర్డాలో, కేరళ బ్లాస్టర్స్‌తో. సీజన్ మొత్తం మీద మొదటిసారి జనాన్ని లోపలికి రానిచ్చారు. కేరళ నుంచి రైళ్లెక్కి, బస్సులెక్కి, బైకులేసుకుని వచ్చారు బ్లాస్టర్స్ ఫ్యాన్స్, స్టేడియం అంతా పసుపే. మన జెర్సీ కూడా పసుపే కదా, టేబుల్లో మనం పైన ఉన్నాం కాబట్టి పసుపు మనకే వచ్చింది, వాళ్ల టీమ్ నల్ల జెర్సీ వేసుకోవాల్సొచ్చింది. టీవీలో చూస్తే స్టాండ్స్ అంతా మనోళ్లే అన్నట్టుంది, కానీ అరుపులన్నీ వాళ్లకే. నిజంగా హైదరాబాద్ కోసం వచ్చినోళ్లు ఒక మూల ఉన్నారు.

68వ నిమిషంలో వాళ్ల రాహుల్ కేపీ బయటినుంచి కొట్టాడు, మన కీపర్ కట్టిమణి చేతికి తగిలింది, అయినా లోపలికెళ్లిపోయింది. 1-0. ఇక్కడ కట్టిమణి గురించి ఒకటి తెలియాలి. లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా కుర్రాడే. 2015 ఐఎస్ఎల్ ఫైనల్ కూడా ఇదే ఫటోర్డాలో, గోవాకి కీపర్ ఇతనే. 87వ నిమిషం గోల్‌తో గోవా 2-1 లీడ్‌లో ఉంది, కప్పు చేతికొచ్చేసినట్టే. 90వ నిమిషంలో బంతి ఇతనికి తగిలి గోల్లోకి పోయింది, ఓన్ గోల్ అని ఇతని పేరు మీదే రాశారు, ఇంజరీ టైంలో చెన్నైయిన్ ఇంకోటి కొట్టి 3-2తో పట్టుకెళ్లిపోయింది. సొంత ఊరి జనం ముందు. మళ్లీ ఆరేళ్లు దాటాక అదే గ్రౌండ్‌లో ఫైనల్, మళ్లీ చేతికి తగిలి గోలు. ఆ క్షణంలో అతని మొహం చూసి నాకు కడుపులో తిప్పింది.

88వ నిమిషంలో మన సాహిల్ తవోరా. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడు, అతనూ గోవావాడే. బాక్స్ బయట బంతి పైనుంచి దిగుతుంటే ఆపకుండా అలాగే వాలీ కొట్టాడు. 1-1. ఎక్స్‌ట్రా టైంలో ఎవరూ కొట్టలేదు, పెనాల్టీలు.

ముందు వాళ్ల లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు. మన వైపు జొవావ్ విక్టర్ గోలు. రెండోది నిషు కుమార్. అదీ ఆపాడు. అందరూ గెంతుతున్నారు, రిఫరీ చెయ్యెత్తి మళ్లీ కొట్టమన్నాడు. ఎందుకంటే షూటర్ బంతిని తన్నే క్షణానికి కీపర్ ఒక కాలు పాదం కొంచెమైనా గోల్ లైన్ మీదో, లైన్‌కి సూటిగా గాల్లోనో, లేదా లైన్ వెనకో ఉండాలి. రెండు కాళ్లూ ముందుకొచ్చేస్తే, ఆపినా లెక్కలోకి రాదు, మళ్లీ కొట్టాలి. కట్టిమణి ముందుకొచ్చేశాడు, అందుకే రీటేక్. ఇప్పుడు ఆలోచించు, ఒకసారి ఆపింది పోయింది, వెనక ఆరేళ్ల భారం ఉంది, అదే మనిషి అదే చోట నిలబడ్డాడు, లైన్ వదలకూడదు. మళ్లీ ఆపాడు. నిజమే తమ్ముడూ, మీ బావ చెప్పింది కరెక్టే, ఒకే మనిషివి రెండు షాట్లు.

మన సివెరియో మిస్ చేశాడు, ఆయుష్ అధికారి వాళ్లకి ఒకటి కొట్టాడు, మన కమారా కొట్టాడు. తర్వాత జీక్సన్ సింగ్, దాన్నీ ఆపాడు కట్టిమణి. హాలిచరణ్ నర్జారీ వచ్చి గోలు. 3-1. కేరళకి అది మూడో ఫైనల్ ఓటమి, 2014, 2016 తర్వాత. వాళ్ల ఫ్యాన్స్ ఏడుస్తుంటే చూడలేకపోయాను, అంత దూరం నుంచి వచ్చారు పాపం.

అందుకే అంటాను, ఉక్కునగరం గారూ, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను, కానీ దాన్ని మూడు మ్యాచ్‌ల కప్పు అంటే మాత్రం ఒప్పుకోను. ఆ మూడు మ్యాచ్‌ల దాకా రావడానికి 20 మ్యాచ్‌లు ఆడి రెండో ప్లేసులో నిలబడ్డారు.

ఉక్కునగరం_రిటర్న్:

ఒప్పుకుంటాను అండి, కట్టిమణి గురించి 2015 సంగతి నాకు తెలీదు. అయినా నా ఓటు షీల్డ్‌కే. ఫైనల్‌లో ఏడుపూ నవ్వూ ఎక్కువ, లీగ్‌లో నిజం ఎక్కువ. యూరప్‌లో పెద్ద లీగులన్నీ టేబుల్‌తోనే తేలుస్తాయి కదా.

తర్వాత ఆ టీమ్ ఏమైందో కూడా చెప్పండి, కుర్రాళ్లకి తెలియాలి.

యానాం_లెఫ్ట్‌బ్యాక్:

నేను చెప్తా, రాజోలు గారికి అది రాయడం కష్టం. 2022-23లో మళ్లీ రెండో ప్లేసు, 42 పాయింట్లు, ముంబై షీల్డ్ కొట్టింది. ఆ సీజన్ అయ్యాక మానొలో వెళ్లిపోయాడు. 2023-24లో డబ్బుల సమస్య బయటపడింది, జీతాలు అందలేదు, ఫారిన్ ప్లేయర్లు వెళ్లిపోయారు, జనవరిలో ఇండియన్ ప్లేయర్లు కూడా చాలామంది వెళ్లిపోయారు, కొత్తవాళ్లని తీసుకోకుండా బ్యాన్ పడింది. మిగిలిన కుర్రాళ్లతో తంగ్‌బోయి సింగ్టో అనే కోచ్ సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి ప్లేసు. కప్పు ఎత్తిన రెండేళ్లకి. ఆ కుర్రాళ్లు ఒక్కరు కూడా చేతులెత్తేయలేదు, ప్రతి వారం దిగారు, ఆ టీముని కూడా గుర్తుపెట్టుకోవాలి మనం. తర్వాత యాజమాన్యం మారింది, 2025లో క్లబ్ ఢిల్లీ వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇప్పుడు టాప్ లీగ్‌లో తెలుగోళ్లకి టీమే లేదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు (ఆ రోజుల్లో దేశంలో పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ) కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఉన్న ఊరు, ఇండియాకి రెండు ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరు, అక్కడ ఇప్పుడు ఐఎస్ఎల్ మ్యాచ్ చూడాలంటే లేదు. కింది లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ ఒకటి, ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో ప్లేసు దాకా వచ్చింది.

రాజోలు_రైట్‌వింగ్:

థాంక్స్ యానాం గారూ.

తమ్ముడూ, మీ టోర్నీ సంగతి. ఆరు టీములు అందరూ అందరితో ఆడితే 15 మ్యాచ్‌లు. ఎండలు కాబట్టి పొద్దున్నే ఒకటి, సాయంత్రం నాలుగున్నర దాటాక రెండు పెట్టుకోండి, మధ్యాహ్నం వద్దే వద్దు. లీగ్ టాప్‌కి ఒక షీల్డ్, మొదటి నలుగురికీ సెమీస్, ఫైనల్ పెట్టి ఒక కప్పు. రెండూ పెట్టండి, రెండింటికీ ప్రైజ్ సమానంగా పెట్టండి, అప్పుడు మీ బావకీ, మీ బాబాయ్ కొడుక్కీ గొడవ ఉండదు. టేబుల్ ఒక్కటే పెడితే ఆఖర్లో కింద ఉన్న టీములు రావడం మానేస్తాయి, ఫైనల్ ఒక్కటే ఉంటే లీగ్‌లో ఎవడూ ఒళ్లు వంచడు.

ఇంకో ముఖ్యమైన మాట, పాయింట్లు సమానమైతే ఎలా తేలుస్తారో మొదటి మ్యాచ్‌కి ముందే కాయితం మీద రాసి ఆరుగురు కెప్టెన్ల చేతా సంతకం పెట్టించండి. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో ముందు ఆ టీములు ఒకదాని మీద ఒకటి ఆడిన మ్యాచ్‌లే చూసేవాళ్లు, తర్వాతే గోల్ డిఫరెన్స్. మీరు ఏదైనా పెట్టుకోండి, ముందే చెప్పండి.

గౌతమి_గట్టు:

ఆయ్, అలాగే చేద్దాం అండి. షీల్డ్ మా బాబాయ్ కొడుకు స్పాన్సర్ చేస్తానన్నాడు, కప్పు బావ. గోల్ లైన్ సున్నంతో బాగా లావుగా గీయించాలి, కీపర్ కాలు కనపడాలి కదా. ఇంక రిఫరీ ఒక్కరే కావాలి. అమలాపురం, రాజోలు, యానాం వైపు రూల్స్ తెలిసి, ఎండలో నిలబడగలిగినోళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, భోజనం, పెట్రోల్ ఖర్చులు మావే.

యానాం_లెఫ్ట్‌బ్యాక్:

సాయంత్రం మ్యాచ్‌లకి నేనొస్తా. బ్రిడ్జి దాటితే మీ ఊరే కదా. విజిల్ నా దగ్గరుంది, కార్డులు మీరు తెచ్చుకోండి.